ఎవరు కొట్టారని అడగని ఊరు

ఐలాకి నోరు లేదని కాదు, ఉన్న నోటిని అదుపులో పెట్టుకున్న మనిషని మా ఊరు కుర్కిసలోలో పేరు. ఆ మాటకొస్తే మా వైపు అందరం అంతే. మొగుడూ పెళ్లాం మంచు గురించీ చలి గురించీ నాలుగు ముక్కలు మాట్లాడుకుని చలికాలమంతా నెట్టుకొచ్చేస్తారు. అలాంటి ఊళ్లో కూడా మాట దాచుకోవడంలో పేరు తెచ్చుకుందంటే ఐలా ఎంత గట్టి పిండమో మీరే ఊహించుకోండి.

పెళ్లయిన కొత్త నుంచీ ఆమె ఊరి డెయిరీలో వెన్న విభాగంలో పనిచేసేది. డెయిరీ మూసేశాక, యాభైకి దగ్గర పడుతున్న వయసులో, మనవలున్న మనిషి పుస్తకాల సంచీ తగిలించుకుని పట్నంలో చదువుకి బయల్దేరింది. అందరూ నవ్వారు. ఆమె చదివి వచ్చి, ఊళ్లో ఉన్న ఒక్కగానొక్క బడిలో సహాయకురాలిగా చేరింది. మొదట్లో పిల్లలకి బూట్లు తొడగడం, చీమిడి తుడవడం, లెక్కలు రానివాడి పక్కన కూర్చోవడం, ఇదే పని. డెయిరీ కంటే వెచ్చగా ఉంది, వెన్న వాసన లేదు, హాయిగా ఉందనుకుంది.

ఈ ఆగస్టులో మాత్రం ఆమెని ఒకే పిల్లకి అప్పగించారు. పిల్ల పేరు సైమి. రెండో తరగతి. బాగున్నప్పుడు ఆ పిల్లంత ముద్దుపిల్ల ఇంకొకరు లేరు. పేడపురుగు నుంచి మిణుగురు దాకా పురుగులన్నిటి పేర్లూ చెబుతుంది, బొమ్మలు వేస్తుంది, ఐలా చెయ్యి పట్టుకుని మంచులో ఉడత అడుగులు వెతుకుతుంది. కానీ గోల పెరిగితే, అంటే భోజనాల గదిలో పళ్లాలు కొట్టుకుంటేనో, గంట మోగితేనో, నలుగురు పిల్లలు ఒక్కసారి అరిస్తేనో, ఆ పిల్ల తన వశంలో ఉండదు. కుర్చీ లేస్తుంది. కాలు లేస్తుంది. పళ్లు దిగుతాయి.

అలాంటప్పుడు ఏం చెయ్యాలో ఐలా చదువుకునే వచ్చింది. అరవకూడదు. ఎదురుగా నిలబడకూడదు. కళ్లలోకి చూడకూడదు. రెండు బారల దూరంలో పక్కకి తిరిగి, మెల్లగా మాట్లాడుతూ గాలివాన తగ్గేదాకా ఆగాలి. ఇంకొకరికి ప్రమాదమైతే తప్ప చెయ్యి వెయ్యకూడదు. ఐలా అంత చక్కగా ఆ పని చేసేవాళ్లు మా బడిలో లేరు, ఒప్పుకోవాలి. కానీ బూట్లూ కోట్లూ వేలాడే ఆ ఇరుకు వసారాలో రెండు బారల దూరం ఎక్కణ్ణుంచి తెస్తుంది? గోడలోకి దూరుతుందా?

అందుకని ఐలా పిక్కల మీద, మోచేతుల మీద కమిలిన మచ్చలు. పాతవి పచ్చబడుతుంటే కొత్తవి నల్లబడేవి. ఒకసారి ఉన్ని స్వెటర్ మీంచే భుజం మీద పంటి గాటు పడింది. పెద్ద టీచర్లు చూసి "అయ్యో" అనేవాళ్లు, వెంటనే "పిల్ల కదా" అనేవాళ్లు. ఐలా కూడా అదే అనుకునేది. తుఫాను పోయాక సైమి ఆమె ఒళ్లో తలపెట్టి నిద్రపోయేది, నిద్రలేచాక జరిగిందేదీ సరిగా గుర్తుండేది కాదు. ఆ తల నిమురుతుంటే ఐలాకి కోపం రావాలో జాలి రావాలో తెలిసేది కాదు. రెండూ ఒక్కసారే వచ్చేవి.

ఇంట్లో ఎస్కో మందు రాసేవాడు. ఎస్కో ఆమె మొగుడు, దుంగల లారీ నడుపుతాడు. పారల్లాంటి చేతులు, పైకప్పు ఎగిరేలా నవ్వు. ఆ చేతులతో పిల్లి పుండుకైనా అది రేగకుండా మందు రాయగలడు.

"ఇది ఏ గొడ్డు పనే? చెప్పు, నేనొచ్చి మాట్లాడతా."

"నువ్వేం మాట్లాడక్కర్లేదు. బడి సంగతి బడి గడప దాటకూడదు, నేను సంతకం పెట్టాను. నువ్వు కూడా ఎవరితో అనకు. ఒట్టెయ్యి."

ఎస్కో ఒట్టేశాడు. ఆ ఒట్టు ఎంత బరువో అప్పుడు ఇద్దరికీ తెలియదు.

మా ఊళ్లో గురువారం సాయంత్రం చెరువు గట్టు మీది సౌనా, అంటే ఆవిరిస్నానాల గది, ఆడవాళ్లది. వారమంతా ఎవరు ఏమైనా, ఆ వేడిరాళ్ల గదిలో చెక్కబల్లల మీద అందరూ ఒంటిమీద నూలుపోగు లేకుండా కూర్చోవలసిందే. ఐలా రెండు వారాలు జలుబని తప్పించుకుంది. మూడోవారం ఒళ్లు ఊరుకోలేదు. మసక వెలుగులో ఎవరు చూస్తారులే అని వెళ్లింది.

రాళ్ల మీద నీళ్లు పోసేది ఎప్పుడూ కెర్తునే. డెబ్బై దాటిన మనిషి, మొగుడు పోయి చాలాకాలమైంది, ఇప్పటికీ ఎవరికీ ఆ గరిటె ఇవ్వదు. ఆ రోజు ఎవరో తలుపు తెరిచి లోపలికొచ్చారు. బట్టల గది దీపం సూటిగా ఐలా మీద పడింది. కెర్తు ఎత్తిన గరిటె ఎత్తినట్టే ఆగిపోయింది. మిగతా ఆడవాళ్లు చూశారు, చూసి తలలు దించుకున్నారు. తలుపు మూసుకుంది. కెర్తు నీళ్లు పోసింది, రాళ్లు బుస్సుమన్నాయి. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఎవరు కొట్టారని అడగలేదు. మా ఊరి మర్యాద అది. మర్యాదట, మర్యాద! నిప్పు పెట్టాలి ఆ మర్యాదకి.

ఇక ఆ మర్నాటి నుంచి ఐలాకి వింతలు మొదలయ్యాయి. పక్కింటావిడ యాలకుల బన్నులు తెచ్చి గుమ్మంలో పెట్టి పారిపోయింది. లైబ్రరీ ఆవిడ ఉన్ని మేజోళ్లు చేతిలో కుక్కింది. రోడ్డు మీద ఎవరెవరో కారు ఆపి "ఎక్కడికైనా దింపాలా?" అంటారు.

"నాకేమైనా పెద్ద రోగమొచ్చిందని పుకారు పుట్టిందా ఏంటి?" అని ఐలా ఎస్కోని అడిగింది.

"నాకూ అర్థం కావట్లేదు," అన్నాడు ఎస్కో. "పెట్రోలు బంకులో కాఫీకి కూర్చుంటే బల్ల దగ్గరున్నవాళ్లు ఒక్కొక్కళ్లూ లేచిపోతున్నారు. నా దగ్గర డీజిల్ కంపేమన్నా కొడుతోందా?"

"కొడుతోంది. ముప్పైయేళ్లుగా కొడుతోంది."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నవ్వు ఆదివారం దాకా కూడా లేదు. ఏటా దుప్పుల వేట ముగిశాక వేటగాళ్లు ఊరందరికీ విందు పెడతారు. ఆ విందులో పెద్ద డేగిసా దగ్గర నిలబడి పులుసు కలిపేది ఎస్కోనే. అతని తండ్రి కలిపాడు, తర్వాత అతను. వేటగాళ్ల పెద్ద పావో ఇంటికొచ్చి, లోపలికి కూడా రాకుండా, గుమ్మంలోనే టోపీ నలుపుతూ, "ఈసారి నువ్వు విశ్రాంతి తీసుకో. గరిటె వేరేవాళ్లు పట్టుకుంటారులే" అని చెప్పి వెళ్లిపోయాడు.

ఎస్కో చాలాసేపు టోపీ కూడా తియ్యకుండా వంటింట్లో కూర్చున్నాడు. "నేనేం చేశాను?" అన్నాడు. ఐలాకీ తెలియలేదు.

తెలిసింది కొట్లో. చేపముక్కల ఫ్రీజర్ దగ్గర వంగి ఉంటే కెర్తు వచ్చి పక్కన నిలబడింది.

"మా ఇంట్లో వెనక గది ఖాళీగా ఉంది. దుప్పట్లు మార్చి పెట్టాను," అంది.

ఐలాకి ఏమీ బోధపడలేదు. "అద్దెకిస్తావా? నాకెవరూ తెలీదే, అడిగి చూస్తాలే."

"నీకేనే పిల్లా. ఎప్పుడొచ్చినా సరే. తలుపు గడియ వెయ్యను."

"నాకెందుకు?"

కెర్తు ఆమె మోచెయ్యి వైపు చూసింది. అప్పుడు తట్టింది ఐలాకి. బన్నులు, మేజోళ్లు, కారు సవారీలు, గరిటె, అన్నీ ఒక్కసారి వచ్చి మీద పడ్డాయి. ముందు నవ్వొచ్చింది. ఎస్కోనా! పిల్లికి మందు రాసే ఎస్కోనా!

"ఎస్కో కాదు! మీకేమన్నా మతిపోయిందా? వాడు నా మీద ఎప్పుడూ చెయ్యెత్తలేదు."

"నేనూ అదే చెప్పేదాన్ని," అంది కెర్తు. "మా ఆయన పోయేదాకా అదే చెప్పాను. మెట్లమీంచి పడ్డాననేదాన్ని. ఊళ్లో ఎవరూ ఒక్క మాట అడగలేదు. నేను మాత్రం అడక్కుండా ఊరుకోలేను. ఎస్కో కాకపోతే మరి ఎవరు?"

ఐలా నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఎందుకంటే కెర్తు ఎవరనుకున్నారు? సైమికి అమ్మమ్మ. సైమి తల్లి పట్నం ఆస్పత్రిలో నర్సు, బడి వాళ్లు ఆమెకి అన్నీ చెబుతూనే ఉన్నారు, ఆమె మాత్రం తన తల్లి కెర్తు దగ్గర ఈ ఊసెత్తలేదు. కెర్తు ఇంట్లో గడియారం చప్పుడు తప్ప వేరే చప్పుడుండదు, అక్కడ సైమి బంగారుతల్లి. కెర్తు ఫోనులో ఆ పిల్ల ఫొటోలే ఉంటాయి.

బడిలో తగిలిందంటే చాలు, ఊరికి అర్థమైపోతుంది. ఐలా ఒక్క పిల్లతోనే కదా ఉండేది. పేరు చెప్పక్కర్లేదు.

"జారి పడ్డాను," అంది ఐలా. అని తన నాలుక తానే కరుచుకుంది. కెర్తు జాలిగా ఆమె చెయ్యి నొక్కి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఇంట్లో గొడవ. ఎస్కో మొదట తెల్లబోయాడు, తర్వాత ఎర్రబడ్డాడు.

"నేను పెళ్లాన్ని కొట్టేవాడినా? నాతో వేటాడినవాళ్లు నమ్మారా?"

"నమ్మారు."

"అయితే చెప్పు వాళ్లకి!"

"ఏమని చెప్పను? సంతకం పెట్టాను. చెబితే ఎనిమిదేళ్ల పిల్ల పరువు పోతుంది. ఈ ఊళ్లో ఒకసారి పేరు పడితే చచ్చేదాకా పోదని నీకు తెలీదా?"

"నా పేరు సంగతో? నాది పోతే పర్లేదా?"

"నువ్వు పెద్దవాడివి ఎస్కో."

"పెద్దవాడినైతే బాధుండదా?" అన్నాడు ఎస్కో. ఆ మాట అరవలేదు, మెల్లగా అన్నాడు. "ఒట్టు వేయించుకున్నావు. సరే. నేను నోరు విప్పను. కానీ నువ్వు వాళ్ల కళ్లలోంచి ఒకసారి నన్ను చూడు." బయటికి పోయి, చీల్చిన కట్టెల్నే మళ్లీ చీల్చడం మొదలుపెట్టాడు.

కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం. ఐలా రాత్రి పడుకుని లెక్కవేసుకుంది. మొగుడి పరువా, పిల్ల పరువా? మొగుడు తనని ఒక్కసారీ నొప్పించలేదు, పిల్ల రోజూ నొప్పిస్తోంది. అయినా నోరు పిల్ల వైపే మొగ్గుతోంది. ఇదేం న్యాయమో ఆమెకే తెలియలేదు.

మర్నాడు హెడ్మిస్ట్రెస్ మెర్వి గదికి వెళ్లింది. మెర్వి మంచిదే, వయసులో ఐలా కూతురంత, ఎప్పుడూ అలసిపోయి ఉంటుంది.

"ఒక్క మాట చెప్పుకోవడానికి అనుమతి ఇవ్వు," అని అడిగింది ఐలా. "ఇవి ఇంట్లో తగిలినవి కావు అని. అంతే."

"అంటే బడిలో అని చెప్పినట్టేగా," అంది మెర్వి. "నాకు నీ బాధ తెలుసు ఐలా. కానీ ఆ తల్లికి నేనేం జవాబు చెప్పను?"

"మరి నేనేం చెయ్యను? తన్నులు తింటున్నది నేను."

"మనం తన్నులు అనం. కష్టమైన సందర్భాలు అంటాం." ఆ మాట అంటుంటే మెర్వికే సిగ్గేసినట్టుంది, కిటికీ వైపు చూసింది. "పోనీ, ఒకసారి ఆలోచించు. ఆ సమయంలో నువ్వు ఇంకోలా ఏమన్నా చేసుంటే బాగుండేదా? గొంతు కాస్త ముందుగా తగ్గించడమో, ముందే పక్కకి తప్పుకోవడమో?"

ఐలా కుర్చీలోంచి లేచి నిలబడింది. ఈ ప్రశ్న ఎక్కడో విన్నట్టుంది. కొట్టించుకున్నవాళ్లని ఎవరైనా అడిగేది ఇదే కదా, నువ్వేం చేశావు అని. కెర్తుని కూడా ఒకప్పుడు ఎవరో ఇలాగే అడిగి ఉంటారు. ఎస్కో కొట్టాడనుకుంటే ఊరంతా దుప్పట్లు మార్చి పెట్టి ఎదురుచూస్తుంది. పిల్ల కొట్టిందంటే నువ్వెక్కడ నిలబడ్డావని అడుగుతారు. దెబ్బ మాత్రం ఒకటేగా? ఏది దెబ్బో ఏది కాదో ఎవరు తేలుస్తారు? ఆమె వెళ్లి సైమికి బూట్లు తొడిగింది.

విందు రోజు ఎస్కో చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాడు. "రావద్దంటే ఇంకా బాగా వస్తా," అన్నాడు. ఊరి హాలు బయట డేగిసా ఉడుకుతోంది, గరిటె ఇంకెవడి చేతిలోనో ఉంది. ఆ కలపడం చూసి ఎస్కో పళ్లు నూరాడు. అడుగంటిపోతోంది, వాడికి తెలియడం లేదు.

లోపల ఊరంతా ఉంది. బల్లలు జరిగే చప్పుడు, అకార్డియన్ వాయింపు, చెంచాల మోత. ఐలా, ఎస్కో కూర్చున్న బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. అంత జనంలో వాళ్ల చుట్టూ ఖాళీ. ఎస్కో తలదించుకుని రొట్టెకి వెన్న రాస్తూనే ఉన్నాడు, రాసిన చోటే మళ్లీ మళ్లీ రాస్తున్నాడు. ఐలా ఆ చేతుల మీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

అప్పుడు సైమి కనిపించింది. కెర్తు వరసలో రెండు పళ్లాలు పట్టుకుని నిలబడి ఉంది. పక్కన సైమి చొక్కా చెయ్యి నములుతోంది, ఒక చెవి భుజానికి నొక్కుకుంటోంది. పావో ఉపన్యాసానికి మైకు పట్టుకున్నాడు, మైకు కీచుమని అరిచింది. ఇంకెంతోసేపు పట్టదని ఐలాకి తెలుసు.

అలాంటప్పుడు చెయ్యాల్సిందేమిటో కూడా తెలుసు. జనాన్ని పక్కకి తప్పించాలి. మైకు ఆపించాలి. దూరంగా, పక్కకి తిరిగి నిలబడాలి.

ఐలా లేచి తిన్నగా నడిచి వెళ్లింది. పిల్ల ముందు, మోకాళ్ల మీద, ఊపిరి తగిలేంత దగ్గరగా కూర్చుంది.

"సైమీ," అంది.

మొదటి తన్ను ఛాతీ మీద పడింది. తర్వాత గుద్దులు. ఐలా చొక్కా చెయ్యి చిరిగింది, పెదవి పగిలింది, ముంజేతిలో పళ్లు దిగాయి. ఐలా అరవలేదు, చెయ్యెత్తలేదు. మెల్లగా "నేనిక్కడే ఉన్నా, అయిపోతుంది, అయిపోతుంది" అంటూనే ఉంది. అకార్డియన్ ఆగిపోయింది. ఎస్కో పరుగెత్తుకొచ్చాడు, ఐలా అరచెయ్యి చూపించి ఆపింది. ఊరంతా నిలబడి చూసింది. ఆ కొట్టడాన్ని కాదు, ఆమె కొట్టించుకునే తీరుని చూసింది. అది అలవాటైన తీరని గుడ్డివాడికైనా తెలుస్తుంది.

సైమి అలసిపోయి ఆమె భుజం మీద వాలిపోయింది. పావో బయటికి పోయి, గరిటె పట్టుకొచ్చి ఎస్కోకి అందించాడు. ఎస్కో దాన్ని పట్టుకుని, ఉంచుకోవాలో విసిరికొట్టాలో తెలియక నిలబడ్డాడు. చివరికి మాడు వాసన వస్తుంటే "ఛీ, వెధవల్లారా, తగలబెట్టేశారు కదరా పులుసు" అని తిట్టుకుంటూ డేగిసా దగ్గరికి పోయాడు.

కెర్తు వచ్చింది. చేతిలో పళ్లాలు ఎక్కడ పెట్టిందో ఆమెకే తెలియదు.

"ఇదేనా?" అంది.

ఐలా పిల్ల వీపు నిమురుతూనే ఉంది.

"ఎప్పట్నుంచి?"

ఐలా చిరిగిన చొక్కా చెయ్యి సర్దుకుంది.

"నాకు ఒక్కదానికి చెప్పొచ్చుగా, ఐలా. నా చెవిలో చెప్పొచ్చుగా."

"చెప్పకూడదు కెర్తూ."

"ఇప్పుడు ఊరందరికీ చెప్పినట్టేగా," అంది కెర్తు. కోపంగా అనలేదు. మనవరాలిని భుజాన వేసుకుని, జనం దారి ఇస్తుంటే తలెత్తకుండా వెళ్లిపోయింది.

ఇంటికి వెళ్తుంటే లారీలో ఎస్కో అడిగాడు.

"దూరంగా ఉండాలి, దూరంగా ఉండాలి అని నువ్వే చెబుతావుగా ఎప్పుడూ. ఇవాళ అంత దగ్గరికి ఎందుకెళ్లావు?"

"పిల్ల ఎవరి మీదన్నా పడుతుందేమోనని."

"అంతేనా?"

ఐలా కిటికీలోంచి చెట్లని చూసింది. లేచి నడిచినప్పుడు మనసులో ఏముందో ఎంత తవ్వినా దొరకలేదు. వెన్న రాస్తున్న ఆ చేతులున్నాయి. చొక్కా నములుతున్న పిల్ల ఉంది. ఏది ముందు, ఏది వెనక?

"తెలీదు ఎస్కో. ఒట్టు, నిజంగా తెలీదు."

ఎస్కో మళ్లీ అడగలేదు. అడగకపోవడం ఆమెకి ఇంకా కష్టంగా ఉంది.

సోమవారం ఇంకా పూర్తిగా తెల్లవారకముందే ఐలా బడి ఆవరణలో నిలబడింది. ముంజేతికి కట్టు ఉంది. దీపాల కింద పిల్లలు మంచు ముద్దలు చేస్తున్నారు. తల్లులు కార్లు ఆపి, తమ పిల్లల్ని భుజాలు పట్టుకుని, ఉయ్యాలల వైపు కాకుండా చుట్టూ తిప్పి తీసుకెళ్తున్నారు. ఒకావిడ ఐలాకి దణ్ణం పెట్టినంత పని చేసింది. ఉయ్యాలల దగ్గర సైమి ఒక్కతే ఉంది. పక్కన ఇంకో ఉయ్యాల ఖాళీగా ఊగుతోంది, ఎవరో అప్పుడే దిగి పారిపోయారు.

ఐలా వెళ్లి పక్కన నిలబడింది. సైమి ఆమె వేళ్లు పట్టుకుంది, కట్టు ఉన్న చేతివే.

"నేను వస్తే దిగి వెళ్లిపోతున్నారు," అంది సైమి. "నా గురించి అందరికీ తెలిసిపోయినట్టుంది. నువ్వు చెప్పావా ఐలా?"

"లేదమ్మా," అంది ఐలా. "నేనెవరికీ చెప్పలేదు."

"నాకు తెలుసు, నువ్వు చెప్పవు," అంది సైమి. ఆ వేళ్లు వదలకుండా ఖాళీ ఉయ్యాల వైపు లాక్కెళ్లింది.